ఇచ్చిన పుస్తకమే నిలిచిన పుస్తకం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్భై అయిదేళ్ల పాఠశాల పండుగలో గ్రంథాలయాన్ని గూర్చి ముచ్చటించుకోవడం సముచితమే. బడి అక్షరాన్ని నేర్పుతుంది; నేర్చిన అక్షరాన్ని జీవితాంతం నిలబెట్టేది గ్రంథాలయం.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడప చేరాడు. తెలుగు నేర్చి, తెలుగుకే అంకితమయ్యాడు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య వంటి పండితులకు స్వంత ధనంతో జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను సేకరింపజేశాడు. ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. కడపలోనూ మచిలీపట్నంలోనూ పేదపిల్లలకు ఉచిత పాఠశాలలు నడిపించాడు. ఇంతటి శ్రమతో కూర్చిన గ్రంథరాశిని స్వంత ఆస్తిగా దాచుకొనక మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించాడు. తరువాత అది ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. ఇవ్వడం వల్లనే అది మిగిలింది.

బ్రౌన్ 1884లో లండనులో కన్నుమూశాడు. కడపలోని ఆయన బంగళా కాలక్రమాన శిథిలమైంది. ఆ మొండిగోడలున్న చోటనే ఆయన పేర గ్రంథాలయం వెలయాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి సంకల్పించారు. రాయదుర్గంలో పుట్టి కడపలో స్థిరపడిన ఆ ఉపాధ్యాయుడు ట్రస్టు సభ్యుల తోడ్పాటుతో చందాలు ప్రోగుచేశారు. పుస్తకాలు అడిగి తెచ్చారు. 1987లో శంకుస్థాపన జరిగింది. నాడు దాతలు పేర్చిన ఆ గ్రంథాలయం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం అధీనంలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా విలసిల్లుతున్నది. ప్రజల చేతి చలువ విశ్వవిద్యాలయానికి సంపద అయింది.

వార్తాపత్రికల సంగతీ ఇట్టిదే. నేటి పత్రిక రేపటికి పొట్లాల కాగితం. బాపట్ల జిల్లా చేనేత గ్రామంగా పేరొందిన వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం మాత్రం పాత పత్రికలను భద్రపరచి పెట్టింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. నూరేళ్లనాటి తెలుగువారి తలపులు తెలియగోరే పరిశోధకులు ఆ గ్రామానికే వెళ్తారు.

ఇక పోచంపల్లి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల ముచ్చట. ఇక్కడ తెలుగు తరతరాలుగా ఇంటి భాష. 2006 నాటి చట్టంతో రాష్ట్రంలోని బడులలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం ఈ గడ్డ బిడ్డలకు మేలే. అయితే పిల్లలకు తెలుగు చదువు దక్కాలంటే ఇల్లూ, గ్రంథాలయమూ మునుపటికంటె ఎక్కువ భారం మోయాలి. తాతగారి భారతం, అవ్వ చదివిన వారపత్రికలు, పాత వాచకాలు, పెండ్లి శుభలేఖలు సైతం ఈ ప్రాంతపు తెలుగుకు సాక్ష్యాలు. చదివేవారు లేరని వాటిని తూకానికి వేసిన నాడు ఆ సాక్ష్యం పోతుంది. మరల ఏ ధనమూ దానిని కొని తేలేదు.

దానానికీ పద్ధతి ఉన్నది. గ్రంథాలయానికి ఇవ్వడమంటే అటకమీది బరువు దించుకోవడం కాదు. పుస్తకం ఎవరిదో, ఏ ఊరిదో, ఎన్నాళ్లనాటిదో ఒక చీటీపై వ్రాసి జతచేయాలి. పత్రిక ముక్కకు తేదీ ఉండాలి. పుస్తకం ఇవ్వలేనివారు ఒక బీరువా ఇవ్వవచ్చు. బైండింగు ఖర్చు భరించవచ్చు. వారానికి ఒక గంట కూర్చుండి పట్టిక వ్రాసిపెట్టవచ్చు. పూర్వ విద్యార్థులు తాము చదివిన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకూ ఈ ప్రాంతపు ప్రతులను పంపితే, ఇక్కడి తెలుగు అక్కడి పరిశోధకుని కంటపడుతుంది.

కడపలో ఒక ఉపాధ్యాయుడు అడిగాడు, ఊరు ఇచ్చింది. ఈ పాఠశాల నూరేళ్ల పండుగ నాటికి నేటి బాలలు తమ బిడ్డల చేయిపట్టుకొని గ్రంథాలయానికి వస్తారు. వారికి అందవలసిన పుస్తకం ఈనాడు ఈ సభలోని ఎవరి ఇంటనో ఉన్నది. అది ఇల్లు దాటి బడి చేరుగాక!

స్వస్తి.