తెలిసిన కథలో దాచిన మలుపు
(కోల్‌కతాలోని మన తెలుగు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు హ్యారీ పాటర్ లాంటి పాత్రలను తీసుకుని సొంత కథలు అల్లుతున్నారు. దాన్నే ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. హ్యారీ పాటర్ అయితే సరే, రేపు రామాయణం మీద చేయి వేస్తే ఏమిటని మనలో కొందరి బెంగ. ఆ పని ఎప్పుడో జరిగింది, అదీ ఈ ఊళ్లోనే.

మల్లిక్ బజార్ దగ్గరి శ్మశానవాటికలో మైకేల్ మధుసూదన్ దత్ సమాధి ఉంది. ఆయన ‘మేఘనాదవధ కావ్యం’ 1861లో వెలువడింది. పేరులోనే వధ ఉంది, ఇక దాచడానికేముంది? వాల్మీకంలో హోమం భగ్నమయ్యాక ఇంద్రజిత్తు బయటికొచ్చి, లక్ష్మణుడితో హోరాహోరీ పోరాడి చనిపోతాడు. మైకేల్ ఆ యుద్ధాన్ని తీసేశారు. మేఘనాదుడు గుడిలో ఒంటరిగా, ఆయుధం లేకుండా పూజలో ఉంటాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా ఎవరో. అగ్నిదేవుడే వచ్చాడనుకుని మొక్కుతాడు. వచ్చింది లక్ష్మణుడని మనకు తెలుసు, అతనికి తెలియదు. తెలిశాక పూజాపాత్ర విసిరికొట్టి, ఆయుధం కోసం ద్వారం వైపు తిరుగుతాడు. అక్కడ దారికి అడ్డంగా బాబాయి విభీషణుడు! శత్రువు లోపలికి ఎలా రాగలిగాడో అతనికి అప్పుడు అర్థమవుతుంది.

బాబాయిని నిలదీయడం వాల్మీకిలోనూ ఉంది. మైకేల్ ఆ మాటలను యుద్ధభూమి నుంచి గుడి గుమ్మానికి మార్చారు, అంతే. లక్ష్మణుణ్ణి అలా చూపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ గుమ్మం దగ్గర మేఘనాదుడి పక్షాన నిలబడకుండా ఉండలేను.

మన ‘మాయాబజార్’ (1957) సంగతీ చూడండి. బలరాముడి కూతురు శశిరేఖ వ్యాసభారతంలో లేనే లేదు. మాయా శశిరేఖ ఘటోత్కచుడేనని సినిమా మనకు ముందే చెప్పేస్తుంది. తెలియనిది పెళ్లివారికే. మన నవ్వంతా అందులోనే ఉంది.

ఓల్గా గారి ‘సమాగమం’ కథలో దాచేది మన నుంచే. ఆమె ‘విముక్త’ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ కథ అందులోదే. లవకుశులు అడవి నుంచి అందమైన పూలు తెస్తారు. ఆ తోట ఒకావిడదట, ఆవిడకు ముక్కూ చెవులూ లేవట. పిల్లలకు ఆమె ఎవరో తెలియదు. సీతకు తెలుస్తుంది, ఆమెతో పాటు మనకూ. రచయిత్రి శూర్పణఖ పేరు చెప్పేలోపే మనం పోల్చుకుంటాం. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

రామాయణం తెలియనివారికి ఆ మలుపు మలుపే కాదు. అందుకే పాత కథ చెడుతుందన్న భయం నాకు లేదు. నా ఫిర్యాదు వేరు. పిల్లలు రాసినవి కొన్ని చదివాను. మూడొంతులు చివర్లో ‘ఇదంతా కల’ అని తేల్చేస్తున్నారు. పూలు ముందు తెచ్చి పేరు తర్వాత చెప్పే ఓపిక లేదు.

వచ్చే సమావేశానికి మీ పిల్లల చేత ఒక్కో కథ చదివిద్దాం. తల్లిదండ్రులకు ఒక విన్నపం: ముగింపు ముందే నా చెవిన వేయకండి.