పిప్పిలోని తీపి



మన పెద్దలు చాందా అని పిలిచిన ఈ జిల్లాలో ఇప్పపువ్వును పులియబెట్టే ఈస్టు తెలియనివారుండరు. ఆ ప్రతిభను పాఠశాల వేదికపై వర్ణింపను. దాని బంధువైన క్యాండిడా ట్రాపికాలిస్ అనే ఈస్టు మాత్రం పీచులోని జైలోజు అనే చక్కెరను జైలిటాలు అనే తియ్యని పదార్థంగా మార్చగలదు. 2006లో హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు చెరకు పిప్పితోను, మొక్కజొన్న పీచుతోను ఈ ప్రయోగం చేసి ఫలితాలు ప్రకటించారు.

పిప్పిని పలుచని ఆమ్లంతో ఉడికిస్తే జైలోజు విడివడుతుంది. దానితోపాటే ఈస్టుకు గిట్టని పదార్థాలూ పుడతాయి. వాటిని తొలగించటంలోనే శ్రమ, ఖర్చు. ఆపై గాలిని కొలిచి ఇవ్వాలి. గాలి మితిమీరితే ఈస్టు తాను చేసిన జైలిటాలును తానే ఆరగిస్తుంది! నికెల్ ఉత్ప్రేరకంతో, అధిక పీడనంతో నడిచే రసాయన పద్ధతిని ఈస్టు ఇంకా తొలగించలేకపోవటానికి ముఖ్య కారణాలివే.

జైలిటాలు తీపిలో చక్కెరకు సమానం. గ్రాముకు 4 కేలరీలకు బదులు సుమారు 2.4. అయినా మధుమేహం ఉన్న పెద్దలు దీనిని యథేచ్ఛగా వాడవచ్చునని నేను చెప్పను. ఎక్కువైతే విరేచనాలవుతాయి. రక్తంలో ఇది అధికంగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం హెచ్చుగా కనిపించాయని 2024లో ఒక అధ్యయనం తెలిపింది. కారణం ఇదేనని ఇంకా తేలలేదు. ఇంట కుక్క ఉన్నవారు దానికి అందకుండా దాచండి. కుక్కలకు ఇది ప్రాణాంతకం.