కాటా మీద ముద్ర, కుక్కర్ మీద గుర్తు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా మా చేత చదువుల గురించి మాట్లాడించేవారు. ఈసారి తూనికలు, వస్తువుల భద్రత గురించి చెప్పమన్నారు. లెక్కలు చెప్పే పంతుళ్లం కనుక ఒప్పుకున్నాం.

ఇది మన దీన్‌కు కొత్త విషయం కాదు. తూకంలో తగ్గించి ఇచ్చేవారి పేరుతోనే దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలతో గట్టిగా చెప్పిన మాటల్లో కొలత ఒకటి. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన హదీసు మనమంతా విన్నదే. తర్వాతి కాలపు ముస్లిం నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరిగి రాళ్లు, కొలపాత్రలు పరీక్షించేవాడు. ఇప్పుడు ఆ పని తూనికలు కొలతల శాఖది.

మన దేశంలో ఈ చట్టాలు ఈమధ్య బాగా మారాయి. 1976 నాటి పాత చట్టం స్థానంలో 2009 లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చి 2011 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 2016 నాటి బీఐఎస్ చట్టం ప్రకారం, ఫలానా వస్తువుకు ప్రమాణ ముద్ర తప్పనిసరి అని కేంద్రం ఉత్తర్వు ఇస్తే, ముద్ర లేనిది తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. దాని కింద 2020లో ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ, ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇమ్మని కంపెనీని ఆదేశించగలదు. నష్టపోయిన ప్రతివాడూ వకీలును పెట్టుకుని తిరగనక్కర లేదు. మా దృష్టిలో అసలు కొత్త అధికారం ఇదే.

ఇక మన సంగతి. నికాహ్ సామాన్లలో సొసైటీ ప్రెషర్ కుక్కర్ ఇస్తుంది. ముద్ర లేనిది కొంటే ధర తగ్గుతుంది, ఇంకొందరు ఆడపిల్లలకు అందుతుంది అని కొందరు సోదరులు అంటున్నారు. వారి ఉద్దేశం మంచిదే, కాదనం. కానీ కుక్కర్ అంటే పొయ్యి మీద బిగించి పెట్టిన ఆవిరి. విజిల్ దారి మూసుకుపోతే సేఫ్టీ వాల్వ్ తెరుచుకోవాలి. అది తెరుచుకోకపోతే మూత ఎగిరి ముందు తగిలేది వంట చేస్తున్న అమ్మాయికి. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంటి కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. ముద్ర లేనివి అమ్మనిచ్చినందుకు 2022లో పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకే సరుకు వెనక్కి తీసుకోమని ఆదేశాలు వెళ్లాయి. దుకాణంలో కొన్నవాడు బాగా లేదని తిరిగి ఇవ్వగలడు. దానంగా పుచ్చుకున్న పిల్ల ఎవరికి తిరిగి ఇస్తుంది? బిల్లు కూడా మన పేరు మీదే ఉంటుంది.

ముద్ర ఉందని ఊరుకోవడమూ కుదరదు, నకిలీ ముద్రలున్నాయి. గుర్తు పైన ఐ.ఎస్. 2347 అనీ, కింద సి.ఎం./ఎల్. అన్న లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, చిరునామా వస్తాయి. రాకపోతే ఆ కుక్కర్ మనకు వద్దు.

బంగారానికి కూడా 2021 నుంచి హాల్‌మార్క్ నిబంధన వచ్చింది గానీ 2 గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది. పేదింటి ముక్కుపుడక సరిగ్గా అక్కడే జారిపోతుంది. ఈ మినహాయింపు మాకు నచ్చలేదు.

రంజాన్ కిట్ల కోసం బియ్యం, పప్పు మనమే తూచి సంచుల్లో కడతాం. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. కిలోకు 20 గ్రాములు తగ్గిందనుకోండి. కిట్టుకు 10 కిలోల చొప్పున 300 కిట్లకు 60 కిలోలు తరుగు. అది ఆరు కుటుంబాల వంతు, అదీ జకాత్ సొమ్ము. నూనె ప్యాకెట్ల విషయంలోనూ చూసుకోవాలి. ప్యాకెట్ ఇంతే ఉండాలన్న పాత పట్టిక తీసేశారు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది, పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్‌లో 850 గ్రాములే ఉండవచ్చు. ప్యాకెట్ ధర చూడకుండా, దాని మీద అచ్చువేసిన యూనిట్ ధర చూసి కొనాలి.

కాబట్టి కమిటీ వారికి మా విన్నపం. షాబాన్‌లో కొనుగోళ్లు మొదలయ్యేలోగా కాటాకు ముద్ర వేయించండి. కుక్కర్‌తోపాటు బిల్లు నకలు, వారంటీ కార్డు అమ్మాయి చేతికి ఇవ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915ను కిట్ సంచి మీద రాయించండి. లైసెన్సు నంబర్లు సరిచూసే పని మా హైస్కూలు పిల్లలకు అప్పగించండి, ఫోన్లు ఎలాగూ వాళ్ల చేతుల్లోనే ఉంటాయి.