సంతకం పెట్టేముందు అడుగుదాం

(పోలవరంలో జరిగిన మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ధాన్యం డబ్బుల గురించో, నిర్వాసితుల ప్యాకేజీ గురించో మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. వాటి మీద మాట్లాడేవాళ్లు మా తర్వాత ఉన్నారు. మేము మాట్లాడేది హత్యకు గురైన ఆడవాళ్ల గురించి, కనపడకుండా పోయిన ఆడవాళ్ల గురించి. "రైతు సంఘానికి ఇదేం పనండీ?" అని అజెండా రాసేటప్పుడే ఒకాయన అడిగారు. జవాబు చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పాతికేళ్ల కిందటి మాట. సంఘంలో అప్పుడప్పుడే తిరుగుతున్నాం. ఊరి పేరు చెప్పం. ఒక కౌలు రైతు కోడలు, పెళ్లయి మూడేళ్లు, తెల్లారేసరికి మురుగు కాలువలో తేలింది. పంచనామాకి ఊళ్లోవాళ్లు కావాలన్నారు. మనవాళ్లు నలుగురం వెళ్లాం. మెడ మీద కమిలిన గుర్తు ఉంది. చూశాం. కాగితం మీద మాత్రం "కడుపునొప్పి భరించలేక కాలువలో దూకి" అని అప్పటికే రాసి ఉంది. కౌలు రైతు కుటుంబం, కేసయితే చితికిపోతుంది, పంట చేలో ఉంది అనుకున్నాం. సంతకం పెట్టాం.

ఆ పిల్ల తల్లి గోదావరి అవతల నుంచి లాంచీ ఎక్కి వచ్చేసరికి దహనం అయిపోయింది. ఆమె ఎవర్నీ తిట్టలేదు. మా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది: "మా పిల్లకి కడుపునొప్పని మీకెవరు చెప్పేరండి?" మేము నోరెత్తలేదు. ఇప్పటికీ ఆ మాటకి మా దగ్గర సమాధానం లేదు. అందుకే ఇది రైతు సంఘం పని. పంచనామా కాగితం మీద ఉండేది మన సంతకమే. శవం తేలేది మన కాలువలోనే. తాగించినా తాగినా అది మన చేలో కొట్టే పురుగుమందే.

ఇప్పుడు మన జిల్లాల మీదుగా పోయే రైలు పట్టాల కథ చెబుతాం. 2020 మే 21, 22 తేదీల్లో వరంగల్ పక్కన గొర్రెకుంటలో ఒక బావిలో తొమ్మిది శవాలు దొరికాయి. టీవీల్లో మీరంతా చూశారు. వాళ్లు గోనె సంచులు కుట్టే కార్ఖానాలో పనిచేసే వలస కుటుంబం, వాళ్లతో ఉన్న కుర్రాళ్లు. మూడేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. మనం ధాన్యం ఎత్తే గోనె సంచులు అలాంటి చేతులే కుడతాయి.

ఆ తొమ్మిది మందిని ఎందుకు చంపాడో గుర్తుందా? అంతకు ముందు మార్చిలో ఆ కుటుంబానికి చెందిన ఒక బెంగాలీ మహిళ, పిల్లల తల్లి, కనపడకుండా పోయింది. పెళ్లి గురించి పెద్దలతో మాట్లాడదామని నమ్మించి ఆమెను రైలెక్కించినవాడు ఒంటరిగా తిరిగొచ్చాడు. ఊళ్లో దింపి వచ్చానన్నాడు. నిజానికి మన నిడదవోలు దగ్గర, రాత్రిపూట, మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి ఇచ్చి, గొంతు బిగించి రైల్లోంచి తోసేశాడు. మన తాడేపల్లిగూడెం రైల్వే పోలీసులు గుర్తు తెలియని మహిళ శవం అని కేసు కట్టారు. ఇక్కడ పేరు లేని శవం ఉంది. అక్కడ మనిషి కనపడని కుటుంబం ఉంది. రెండింటినీ కలిపినవాళ్లు లేరు. పిన్ని వరస అయ్యే ఆవిడ మాత్రం "మా పిల్ల ఏది?" అని అడుగుతూనే ఉంది, పోలీసులకి చెబుతానంది. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి వాడు అన్నంలో మత్తు కలిపి, తొమ్మిది మందిని బావిలో వేశాడు. ఆ అక్టోబరులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది.

శిక్ష పడింది కదా అంటారు. ఆలోచించండి. రెండున్నర నెలలు ఆ శవం ఎవరిదో తేలలేదు. మార్చిలోనే తేలి ఉంటే మేలో తొమ్మిది మంది బతికి ఉండేవాళ్లు. ఒక కూలి మనిషి కనపడకపోతే వెతకకపోవడం ఎంత ఖరీదో ఇంతకన్నా వేరే లెక్క చెప్పక్కర్లేదు. ఇప్పుడు మన డెల్టాలో నాట్లకి బెంగాల్ కూలీలు వస్తున్నారు. మేస్త్రీ పేరు మనకి తెలుసు. ఆ గుంపులో ఉన్న ఆడమనిషి పేరు, ఆమె ఇంటి ఫోన్ నంబరు మనలో ఎంతమందికి తెలుసు?

రెండోది హాజీపూర్. యాదాద్రి జిల్లా బొమ్మలరామారం మండలం. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి వస్తున్న పద్నాలుగేళ్ల పిల్ల మాయమైంది. వెతికితే పాడుబడిన వ్యవసాయ బావిలో దొరికింది. తవ్వుతుంటే అంతకు ముందు నెలలో మాయమైన ఇంకో అమ్మాయి, 2015లో మాయమైన పదకొండేళ్ల పిల్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. మధ్యలో అమ్మాయి గురించి ఇంట్లోవాళ్లు పరువుకి భయపడి ఫిర్యాదే ఇవ్వలేదు. 'ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది' అనే మాట ఉంది చూశారూ, నేరం చేసినవాడికి అంతకు మించిన వకీలు లేడు. ఆ మాట స్టేషన్లో అంటారు, రచ్చబండ మీద అంటారు, ఒక్కోసారి ఇంట్లో తండ్రే అంటాడు.

ఆ ఊరికి అప్పట్లో సరైన బస్సు లేదు, పిల్లలు ఎవరి బండి ఆపితే ఆ బండి ఎక్కాల్సి వచ్చేది. కెనడాలో కూడా ఇదే బాధ. ప్రిన్స్ రూపర్ట్, ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్ల మధ్య సుమారు 700 కిలోమీటర్ల రోడ్డుని అక్కడి ఆదివాసులు కన్నీటి రహదారి అంటారు. బస్సు లేక లిఫ్టు అడిగి ఎక్కిన ఆదివాసీ ఆడపిల్లలు ఎందరో అక్కడ మాయమయ్యారు. కుటుంబాలే పేర్లు రాసుకుని, ఫొటోలు పట్టుకుని, ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీద నడిచాయి. బస్సు వేయమని 2006లో అడిగితే 2017లో వచ్చింది. 2019లో అక్కడి జాతీయ విచారణ సంఘం 231 పనులు చేయాలని ప్రభుత్వానికి చెప్పింది. అడిగింది ఎవరంటే పోగొట్టుకున్న తల్లులు, అక్కచెల్లెళ్లు.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 30 వేలకు పైగా ఆడవాళ్లు, ఆడపిల్లలు తప్పిపోయినట్టు కేసులున్నాయని కేంద్రం 2023లో పార్లమెంటుకు చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ దొరికారు, అది కూడా నిజమే. పార్టీలు ఆ అంకెతో ఒకరినొకరు నెల రోజులు తిట్టుకున్నాయి. దొరకనివాళ్ల పేర్లు ఊరూరా చదివిన పార్టీ ఒక్కటి మనకి కనపడలేదు.

న్యాయం అంటే ఎవరినో ఒకర్ని పట్టుకోవడం కాదని కూడా మనం నేర్చుకోవాలి. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆయేషా మీరాని చంపారు. ఒక పేద దళిత కుర్రాడిని దోషి అన్నారు. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉంచాక 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలింది. "ఇతను కాదు, అసలువాళ్లని పట్టుకోండి" అని మొదటినుంచీ చెబుతూ వచ్చింది ఎవరో తెలుసా? చనిపోయిన పిల్ల తల్లిదండ్రులే. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. ఆ తల్లి ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగడం మాత్రం తప్పలేదు. 2019లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని చంపినప్పుడు, నిందితులు నలుగురినీ కాల్చేస్తే మనలో చాలామందిమి చప్పట్లు కొట్టాం. ఆ ఎన్‌కౌంటర్ నిజం కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. దర్యాప్తు చేతకాని చోట తుపాకీ న్యాయం చేయదు. నిజం కూడా ఆ నలుగురితోపాటే పోతుంది.

ఇక మన పోలవరం. ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు వచ్చినవాళ్లు ఈ సభలో సగం మంది ఉన్నారు. పాత ఊళ్లో సాయంత్రం దీపాలవేళకి పిల్ల ఇంటికి రాకపోతే ఊరంతా లేచేది. ఏ దారిన పోతుందో, ఏ చెట్టు కింద కూర్చుంటుందో అందరికీ తెలుసు. ఇప్పుడు ఒక ఊరు నాలుగు కాలనీలయింది. భూమి పోయింది, ఆడవాళ్లు తెల్లవారుజామున ఆటోలెక్కి ముప్పై, నలభై కిలోమీటర్లు కూలికి పోతున్నారు. ఎవరి ఆటో, ఎవరి తోట, ఎన్నింటికి తిరుగొస్తారు, అడిగేవాళ్లు లేరు. ఇంకొందరు ఏజెంట్ల మాట నమ్మి గల్ఫ్‌కి పోతున్నారు. ఇళ్లల్లో పనికి పోవడానికి ముప్పై ఏళ్ల నిబంధన ఉందని విజిటింగ్ వీసా మీద పంపుతున్నారు. అలా వెళ్లిన మనిషి పేరు ఏ సర్కారు పుస్తకంలోనూ ఉండదు. ఫోన్ ఆగిపోతే ఎక్కడ వెతకాలి?

కాబట్టి సంఘం తరఫున కొన్ని పనులు పెట్టుకుందాం. ఇవి తీర్మానం రాసి బీరువాలో పెట్టేవి కావు.

మొదటిది. ఆడమనిషి తప్పిపోయిందని తెలిసిన రోజే స్టేషన్‌కి వెళ్దాం. 24 గంటలు ఆగమని ఏ చట్టంలోనూ లేదు. మా పరిధి కాదు అనడానికి వీల్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ కట్టాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపుదాం, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి పోదాం. అత్యాచారం లాంటి కేసుల్లో ఫిర్యాదు రాసుకోని ఉద్యోగికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు ఉంది. ఒంటరిగా తల్లి వెళ్తే "రేపు రామ్మా" అంటారు. పచ్చ కండువాలు పదిమంది వెళ్తే ఆ మాట అనలేరు.

రెండోది. పెళ్లయిన ఏడేళ్లలోపు చనిపోయిన ఆడపిల్ల విషయంలో తహసీల్దారు స్థాయి అధికారి విచారణ, పోస్టుమార్టం అడుగుదాం. పుట్టింటివాళ్లు రాకముందు దహనం జరగకుండా చూద్దాం.

మూడోది. పంచనామాలో కూర్చునే మనవాళ్లు ఖాళీ కాగితం మీదగానీ, ముందే రాసిన కాగితం మీదగానీ సంతకం పెట్టకూడదు. చూసింది చూసినట్టు రాయమని అడగాలి. గుర్తు ఉంటే గుర్తు ఉందని రాయించాలి.

నాలుగోది, కష్టమైనది ఇదే. ఇంత డబ్బు, ఇంత పొలం ఇచ్చి సర్దుకోండి అని శవం పక్కన జరిగే పంచాయితీలో సంఘం సభ్యులు ఎవరూ పెద్దమనిషిగా కూర్చోకూడదు. కూర్చున్నవాళ్ల సభ్యత్వం తీసేయాలని ఈ సభ ముందు అడుగుతున్నాం. మన బంధువైనా సరే, మన కులంవాడైనా సరే.

ఐదోది. ప్రతి కాలనీలో, ప్రతి మేస్త్రీ గుంపులో పనికి పోయే ఆడవాళ్ల పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాద్దాం. మన చేలకి వచ్చే బయటి రాష్ట్రం కూలీలవి కూడా. పుస్తకం ఆడవాళ్ల దగ్గరే ఉండాలి. పాడుబడిన బావులకి మూతలు వేద్దాం. వకీలుకి డబ్బుల్లేవని ఎవరూ ఆగక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇవ్వాలి, 1987 చట్టంలో ఉంది.

ఆ గోదావరి అవతలి తల్లి ఇప్పుడు లేదు. మొన్నామధ్య వాళ్ల ఊరు వెతుక్కుంటూ వెళ్తే, ఊరు ఖాళీ అయింది, ఆమె అంతకు ముందే పోయిందన్నారు. క్షమించమని అడగడానికి మనిషి లేదు. పాతికేళ్లు ఆలస్యం చేసినవాళ్లకి ఇంతకన్నా ఏం దక్కుతుంది?

మీకు ఆ పరిస్థితి రాకూడదు. రేపో ఎల్లుండో మీ ఊళ్లో ఎవరో ఒక కాగితం తెచ్చి, "ఇక్కడ పెట్టండి బాబాయ్" అంటారు. కలం తీసేముందు చదవండి. కడుపునొప్పి అని రాసి ఉంటే, ఎవరు చెప్పారని అడగండి. నాలుగు అంశాల తీర్మానాన్ని అయిదు చేసి ఇక్కడ ఉంచుతున్నాం. ఆడవాళ్లు ముందు చేతులెత్తాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.