చేతులారా పాడుచేసుకోవడానికి ఒక కంప్యూటర్



స్నాతకోత్సవంలో మాట్లాడటానికి వచ్చినవాళ్లు పట్టభద్రుల్ని కలలు కనమని చెప్పి వెళ్తుంటారు. నాది సర్వర్లు చూసుకునే ఉద్యోగం. పని సవ్యంగా సాగినన్నాళ్లూ మేమున్నామని ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే మాత్రం అందరికీ మా ఫోన్ నంబరు గుర్తొస్తుంది. అందుకని కలల సంగతి వదిలేసి ఒక వస్తువు గురించి మాట్లాడతాను. మొదటి జీతంలోంచో, కుదిరితే అంతకంటే ముందో, ఒక పాత కంప్యూటర్ కొనుక్కోండి, చేతులారా పాడుచేసుకోవడానికి.

కాలేజీ ల్యాబులో మీకు రూట్ పాస్‌వర్డ్ ఇవ్వరు. ఇస్తే మరునాడు ల్యాబు జరగదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అమీర్‌పేటలో కోచింగుకి వెళ్తే అన్నీ ముందే సర్దిపెట్టిన వర్చువల్ మెషీన్ దొరుకుతుంది. నోట్సులోని కమాండ్లు వరసగా కొడితే నోట్సులోని జవాబులే వస్తాయి. సర్టిఫికెట్ చేతికొస్తుంది. కానీ మాకు జీతాలిచ్చేది నోట్సు ప్రకారం నడవని రోజు కోసం.

అలాంటి రోజొకటి చెబుతాను. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రధాన డేటాబేస్ సర్వరుకీ దాని నకలుకీ పొంతన తప్పింది. నకలు సర్వర్లో డేటా ఫోల్డరు ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచి నింపుదామని ఒక ఇంజనీరు తుడిచేసే కమాండు కొట్టాడు. కొట్టింది అసలు సర్వరు మీద. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. అప్పటికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. సరే, బ్యాకప్ ఉంటుంది కదా అనుకుంటాం. రోజూ తీయాల్సిన బ్యాకప్, డేటాబేస్ వెర్షనూ బ్యాకప్ ప్రోగ్రాము వెర్షనూ కలవక విఫలమవుతూ ఉంది. విఫలమైందని చెప్పే మెయిళ్లు బయలుదేరేవి గానీ అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టేది. బ్యాకప్‌లు దాచే చోట చూస్తే శూన్యం. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. టెస్టింగ్ సర్వర్ కోసమని సుమారు ఆరు గంటల ముందు తీసిపెట్టిన స్నాప్‌షాట్ ఒకటి దొరకబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. కోలుకునే పనంతా వాళ్లు యూట్యూబులో లైవ్‌గా చూపించారు, తప్పెక్కడ జరిగిందో పూసగుచ్చినట్టు రాసి లోకం ముందు పెట్టారు. అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

ఇలాంటివి చదివి తెలుసుకోవచ్చు. ఒంటబట్టాలంటే మాత్రం సొంత మెషీన్ ఉండాలి. కొత్తది అక్కర్లేదు. సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్లోనో, మీ ఊరి సెకండ్‌హ్యాండ్ షాపులోనో, ఆఫీసులు వదిలించుకున్న డెస్క్‌టాపులు చూడండి. ఇంట్లో స్క్రీన్ పగిలి మూలన పడున్న లాప్‌టాప్ ఉంటే మరీ మంచిది. 8 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే మొదలుపెట్టొచ్చు. ప్రాసెసరుకి వర్చువలైజేషన్ ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి. అది పనిచేస్తే ఒకే పెట్టెలో రెండు మూడు సర్వర్లు నడుపుకోవచ్చు.

అమ్మలకీ నాన్నలకీ ఇక్కడొక మాట. కంప్యూటర్ రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటోందని కరెంటు బిల్లు గురించి కంగారుపడకండి. పాత లాప్‌టాప్ పెద్దగా పనిలేకుండా నడుస్తుంటే 20 వాట్లు అనుకుందాం, నెలంతా ఆపకపోయినా 15 యూనిట్లు దాటదు. బ్యాటరీ బాగుంటే అదే యూపీఎస్ కూడా. ఉబ్బిన బ్యాటరీ అయితే మాత్రం వెంటనే తీసేయించండి.

దాంట్లో డెబియన్ లినక్స్ వేయండి. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్ కావాలా అని అడుగుతుంది, వద్దనండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పెట్టుకోండి. ఆ తర్వాత కీబోర్డూ మానిటరూ పీకేసి, పెట్టెని రౌటర్ పక్కన పడేయండి. ఇక దానితో మాట్లాడేదంతా పక్కగదిలోంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానే. యూనివర్సిటీ నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు కాజేస్తున్నారని 1995లో ఫిన్లాండ్‌లో టాటు యిలోనెన్ రాసిన ప్రోగ్రాము అది. ఎఫ్‌టీపీది పోర్టు 21, టెల్‌నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి పుచ్చుకున్నాడు.

తొందర్లోనే మీ ఇంటికి మీరే తాళం వేసుకుని బయట నిలబడతారు. పాస్‌వర్డు లాగిన్ ఆపేసి కీతో మాత్రమే రానిద్దామని కాన్ఫిగ్ ఫైలు మారుస్తారు. కీ ఫైలుకి పర్మిషన్లు సరిగ్గా లేక సర్వర్ దాన్ని ఒప్పుకోదు. లేదా 22కి దారి వదలకుండా ఫైర్‌వాల్ ఆన్ చేస్తారు. పీకేసిన మానిటరు మళ్లీ మోసుకొచ్చి తగిలించుకోవాల్సిందే. చేయి తిరిగినవాళ్లు ఏం చేస్తారో చూడండి. ఫైలు ముట్టుకునే ముందే రెండో విండోలో లాగిన్ అయి ఉంటారు. మార్చాక 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ' కొట్టి, రాసిందాంట్లో తప్పుల్లేవని చూసుకుంటారు. రీస్టార్ట్ చేశాక మూడో విండోలోంచి లోపలికి వెళ్లగలిగామని తేలేదాకా మొదటి రెండూ మూయరు. ఇది కొత్తవాళ్ల కష్టమేనని అనుకోకండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ప్రపంచమంతా సుమారు ఆరు గంటలు ఆగిపోయింది. నిర్వహణ పనిలో కొట్టిన ఒక కమాండు డేటా సెంటర్లని కలిపే లింకుల్ని పడగొట్టింది. బాగుచేసే పనిముట్లూ ఆ నెట్‌వర్కు మీదే ఆధారపడి ఉండటంతో ఇంజనీర్లు డేటా సెంటర్లకి స్వయంగా వెళ్లాల్సివచ్చింది.

మెషీన్ కుదురుకున్నాక చెడగొట్టడం మొదలుపెట్టండి. డిస్కు నిండేంత ఫైలు సృష్టించి డేటాబేస్ ఏమని మూలుగుతుందో లాగుల్లో చదవండి. ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక లైను తప్పు రాసి రీబూట్ చేయండి. బూటింగ్ మధ్యలో ఆగి ఎమర్జెన్సీ మోడ్ అంటుంది. ఆ స్క్రీన్‌ని తొలిసారి ఆఫీసులో, వెనక మేనేజరు నిలబడి ఉండగా చూడటం కంటే ఇంట్లో టీ తాగుతూ చూడటం మేలు. పర్మిషన్ డినైడ్ అనగానే అందరికీ అన్నీ తెరిచే 777 ఇచ్చేసి చేతులు దులుపుకునే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. అలా ఆగిన సర్వీసు ఏ యూజరు పేరు మీద నడుస్తోందో కనుక్కోండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. కమాండు కావాలంటే ఇప్పుడు చాట్‌బాట్ క్షణంలో రాసిస్తుంది. అడగండి, నేనూ అడుగుతాను. కొట్టి చూసేది మాత్రం ముందు ఈ మెషీన్ మీద.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఇంటి ఫోటోలో, అమ్మ చీటీల లెక్కలో, మీకు పోతే బాధ కలిగేవి కొన్ని దాంట్లో పెట్టండి. వేరే డిస్కు మీదికి బ్యాకప్ తీసి, మెషీన్ మొత్తం తుడిచేసి, మళ్లీ నిలబెట్టండి. (మరోచోట ఒక కాపీ దాచాకే సుమా, లేకపోతే మీ అమ్మగారికి నేను జవాబు చెప్పుకోవాలి.) అదే డిస్కులో ఉన్న స్నాప్‌షాట్‌ని బ్యాకప్ కింద లెక్కేయకండి, డిస్కు పోతే రెండూ పోతాయి.

ఇంటర్వ్యూల్లో నేను అడిగే ప్రశ్నొకటి ముందే చెప్పేస్తాను. ఈమధ్య ఏం చెడగొట్టావు? చాలామంది తడబడతారు, ఏమీ చెడగొట్టలేదండీ అనడమే మర్యాద అనుకుంటారు. బీఎస్సీ చదివిన ఒకమ్మాయి మాత్రం ఠక్కున అందుకుంది. "డిస్కు నిండిపోతే పెద్ద లాగ్ ఫైలు తీసేశానండీ. అయినా డీఎఫ్ కమాండు నూరు శాతమే చూపిస్తోంది. డీయూ కొడితే అంత సైజు ఎక్కడా కనపడదు." ఫైలు పేరు చెరిపేసినా, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము వదిలేదాకా జాగా ఖాళీ కాదని తనకు అప్పుడు తెలిసిందట. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ఆ ప్రోగ్రామును పట్టుకుని రీస్టార్ట్ చేసింది. ఫైలు తీసేసే బదులు లోపలున్నది మాత్రం ఖాళీ చేసి ఉంటే ఈ తంటా ఉండేది కాదని కూడా తనే చెప్పింది. ఎక్కడ చేశావమ్మా ఇదంతా అంటే, వాళ్ల నాన్న షాపులో బిల్లింగుకి పనికిరాదని పక్కన పెట్టేసిన కంప్యూటర్ మీదట. మార్కుల జాబితా నా ముందే ఉంది, తిరగేయలేదు. ఇప్పుడు మా టీములో రాత్రి షిఫ్టులు తనే చూస్తోంది.

మీలో ఎవరైనా అలాంటి జవాబుతో నా ఎదురుగా కూర్చుంటే సంతోషిస్తాను.