సంరక్షణ వృత్తికి తొలి బడి



వన్యప్రాణి సంరక్షణలో స్థిరపడాలంటే దూరపు నగరంలో చదువో, పెద్ద అడవిలో ఉద్యోగమో కావాలని మీరు అనుకుంటూ ఉండవచ్చు. మీది శ్రీకాకుళం తీరమైతే, తొలి బడి మీ ఊరి ఇసుకలోనే ఉంది.

ఏటా చలికాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, మూరెడు లోతు గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు 100 గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు వాటిని తవ్వి తింటాయి. అందుకే అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకారుల సాయంతో గుడ్లను సేకరించి, కంచె వేసిన కేంద్రాల్లో మళ్లీ పూడ్చిపెడతాయి.

అక్కడ ఒక సీజను సహాయకులుగా పనిచేయండి. గుడ్డును తిప్పకుండా మోయడం నేర్చుకుంటారు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది; తలకిందులైతే చనిపోవచ్చు. ఇసుక వేడిని రోజూ కొలిచి రాస్తారు. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి.

ఎమ్మెస్సీ చదివి వెళ్లిన నాకు గూడు కనిపించలేదు. ఇసుక మీద జాడ చూసి, సన్నని కర్ర గుచ్చి, చోటు చూపినవాడు బడికి వెళ్లని ఒక మత్స్యకారుడు. ఆయనే నా మొదటి గురువు.

అయితే, ఈ తాబేలుకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అనుమతి లేకుండా గుడ్లు తీయడం నేరం. ముందు అటవీ రేంజ్ అధికారిని కలవండి. జీతం స్వల్పం, ఇంట్లో "ఇదేం పని?" అంటారు. తేదీ, చోటు, గుడ్ల లెక్క, బతికిన పిల్లల లెక్క రాసిన నోటుపుస్తకం చూపండి. రేపు ఉద్యోగమిచ్చేవారు అడిగేదీ అదే.