హమదాన్, సమర్‌కంద్, బొల్లారం

(స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసానికి మధ్య ఆసియా వలసలు అనే విషయం ఎంచుకున్నానని చెప్పగానే, బొల్లారానికీ దానికీ ఏం సంబంధమని ఒకరిద్దరు అడిగారు.  ఈ ఊరు పుట్టిందే కంటోన్మెంటుగా. హైదరాబాద్ కంటింజెంట్ పటాలాలు ఇక్కడ ఉండేవి. జీతాల భారం నిజాంది, పెత్తనం ఇంగ్లీషువాళ్లది. ఆ బాకీ కిందే 1853లో బీరార్ రాబడి నిజాం చేయి దాటిపోయింది. నేటి రాష్ట్రపతి నిలయం ఒకనాటి రెసిడెంటు విడిది. ఆ బాకీ మోసిన వంశం తన మూలాలు సమర్‌కంద్‌లో ఉన్నాయని చెప్పుకునేది. మన కథ అక్కడికీ వెళ్తుంది, ఇంకా వెనక్కీ వెళ్తుంది.

1687 నాటి గోలకొండ ముట్టడి సంగతి మీకు తెలుసు. ఔరంగజేబు సైన్యం బయట, తానీషా లోపల. మనం దాన్ని ఢిల్లీకీ దక్కన్‌కీ మధ్య పోరుగా చదువుకున్నాం. మరోవైపు నుంచి చూడండి. కోటలో ఉన్నది కుతుబ్‌షాహీ గద్దె. దాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం వాడు, కరా కొయున్లు, అంటే నల్లగొర్రె తుర్క్‌మెన్ల వంశం. 1467లో ప్రత్యర్థులైన తెల్లగొర్రె తుర్క్‌మెన్ల చేతిలో ఆ రాజ్యం దెబ్బతిన్నది. తర్వాత ఆయన బహమనీల కొలువు వెతుక్కుంటూ బీదర్ చేరాడు. కోట బయట మొగలు సేనలో ఖ్వాజా ఆబిద్ ఉన్నాడు. సమర్‌కంద్ దగ్గర పుట్టినవాడు, మొగలు కొలువులో తురానీలనే మధ్య ఆసియా వర్గానికి చెందినవాడు. గోలకొండ ఫిరంగి గుండు తగిలి ఆయన చేయి పోయింది. వైద్యుడు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పాడని ఆనాటి మొగలు చరిత్ర రాసినవారు చెబుతారు. కాఫీ సంగతి నిజమో కాదో గానీ ప్రాణం మాత్రం దక్కలేదు. హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో సమాధి ఉంది. ఆయన మనవడే మొదటి నిజాం. ఆ వంశం అరబ్బు మూలమూ చెప్పుకుంటుంది కాబట్టి అచ్చమైన తుర్కులని నేననను. తురానీలనడమే సబబు.

ఒకే గడ్డి మైదానాల అంచుల నుంచి వచ్చిన రెండు కుటుంబాలు మన గడ్డ మీద తలపడ్డాయి. ఇద్దరికీ ఇక్కడ రాజ్యం దొరికింది. ఇద్దరికీ తెలుగు దొరికిందా? నాకు ముఖ్యమైన ప్రశ్న అదే.

కుతుబ్‌షాహీలకు దొరికింది, అదీ త్వరగానే. సుల్తాన్ కులీని 1543లో కొడుకు జంషీద్ చంపించాడు. ఆ భయంతో మరో కొడుకు ఇబ్రహీం విజయనగరానికి పారిపోయి అళియ రామరాయల నీడలో ఏడేళ్లు గడిపాడు. 1550లో గద్దెనెక్కాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అగ్రహారంగా దక్కింది. ఇంకా చిత్రం పటాన్‌చెరులో జరిగింది. సంస్కృతం కలపని అచ్చతెలుగులో తొలి కావ్యమైన యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చింది అక్కడి అమీన్‌ఖానుకు, అంటే ఇబ్రహీం కొలువులోని అధికారికి. అచ్చతెలుగు మీద మోజు పెంచింది ఏ పండితసభో కాదు, గోలకొండ అమీరు.

ఇదంతా ప్రేమతోనే జరిగిందని చెప్పను. ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి 1565లో కూటమి కట్టి వెళ్లినవారిలో ఇబ్రహీం కూడా ఉన్నాడు. నా దృష్టిలో అసలు కారణం అవసరం. కోటలు తెలుగు నాయక్వాడీల, అంటే కాపలా సైన్యాల చేతుల్లో ఉన్నాయి, ఊరి లెక్కలు కరణాల చేతుల్లో ఉన్నాయి. ఇరాన్ నుంచి మనుషులు వస్తూనే ఉన్నా, పన్ను వసూలు కావాలంటే తెలుగు తెలిసినవాడు ఉండాల్సిందే. అందుకే తర్వాతి సుల్తానుల కాలంలో పారశీకంతో పాటు తెలుగులోనూ ఫర్మానాలు వెలువడ్డాయి. చివరి సుల్తాన్ దగ్గర మాదన్న ప్రధాని అయ్యాడు.

నిజాంల వంశమైన ఆసఫ్‌జాహీలకు ఆ అవసరం పడలేదు. వాళ్లు ఒంటరిగా రాలేదు, మొగలు దఫ్తరంతో, ఉత్తరాది గుమాస్తాలతో కలిసి వచ్చారు. 1724 నుంచి 1948 దాకా రెండు శతాబ్దాలకు పైగా ఉన్నారు. అయినా దర్బారు భాష మొదట పారశీకం, 1880ల నుంచి ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో దేశభాషలో ఉన్నత విద్య అంటూ మొదలైంది. ఆ దేశభాష కూడా ఉర్దూయే. ఊళ్లలో ఎక్కువమంది మాట్లాడేదేమో తెలుగు. 1921లో హైదరాబాద్ సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. న్యాయంగా చెప్పాలంటే ఎగతాళి చేసింది తురానీలు కారు, పక్కన కూర్చున్న మన సాటి ప్రజలే. కానీ ఏ భాషను చూసి నవ్వవచ్చో నేర్పింది మాత్రం దఫ్తరమే.

ఎన్నాళ్లున్నారన్నది లెక్కకు రాదని నాకు అనిపించేది ఇందుకే. ఒకరు ముప్పై నలభై ఏళ్లలో నేర్చుకున్నది, మరొకరికి రెండు వందల ఏళ్లు చాలలేదు.

ఇక అసలైన తుర్కుల వంతు. 1924 మార్చిలో అంకారా ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దు చేసి తుర్కీని ఏలిన ఉస్మానీ కుటుంబాన్ని దేశం దాటించింది. చివరి ఖలీఫా అబ్దుల్‌మజీద్ ఫ్రాన్సులోని నీస్‌లో తలదాచుకున్నాడు. 1931 నవంబరులో ఆయన కూతురు దుర్రుషెహ్వార్‌కు ఏడో నిజాం పెద్ద కొడుకుతో, బంధువైన నిలోఫర్‌కు రెండో కొడుకుతో అక్కడే పెళ్లిళ్లు జరిగాయి. అది ఒకవైపు డబ్బు, మరోవైపు వంశగౌరవం చూసుకుని కుదిరిన సంబంధం. పదిహేడేళ్ల పిల్ల, ఇంకా పదహారు కూడా దాటని పిల్ల దేశం కాని దేశం వచ్చారు. తమ పరిచారిక ప్రసవంలో చనిపోయిన తర్వాత నిలోఫర్ ఆసుపత్రి కోసం పట్టుబట్టారు. రెడ్‌హిల్స్‌లో అది 1953లో తెరుచుకునేసరికి ఆమె విడాకులు తీసుకుని వెళ్లిపోయారు. 1989లో పారిస్‌లో కన్నుమూశారు. దుర్రుషెహ్వార్ 2006లో లండన్‌లో పోయారు. ఆమె పేరిట పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి ఉంది. జిల్లాల నుంచి బిడ్డను ఎత్తుకుని వచ్చే తల్లికి నిలోఫర్ ఎవరో తెలియనక్కర్లేదు, దవాఖానా దారి తెలిస్తే చాలు.

దుర్రుషెహ్వార్ కొడుకు ముకర్రమ్‌జా ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం నడిపారు. నల్లగొర్రె తుర్క్‌మెన్లతో ఆయనకు చుట్టరికం లేకపోయినా నాకు నవ్వొస్తుంది. ఆయన 2023లో ఇస్తాంబుల్‌లో పోయారు, ఖననం మక్కామసీదు ఆవరణలో.

ఇప్పుడు దారి తిరగబడింది. డాక్టరు చదువుకు మన తెలుగు పిల్లలు బిష్కెక్, సమర్‌కంద్ వెళ్తున్నారు. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద మూకలు పడ్డ రాత్రి ఇక్కడి ఇళ్లలో ఎవరూ నిద్రపోలేదు. పరాయివాడని వేలు చూపించడం ఎలా ఉంటుందో మనవాళ్లు అటు నుంచి చూశారు. ఆ పిల్లలకు పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు. ఆసుపత్రి వార్డులోకి వెళ్లాక మాత్రం రోగితో మాట్లాడాలి. అందుకు రష్యనో, కిర్గిజో, ఉజ్బెకో నేర్చుకుంటున్నారు. నాయక్వాడీల దగ్గర ఇబ్రహీంకు పడ్డ అవసరమే వాళ్లకూ పడింది.